అడ్డం రాని అడవిపంది

మహారాష్ట్ర కొసన ఉన్న మా సిరొంచ అడవుల్లో అడవిపందులు ఎన్ని ఉన్నాయో ఫారెస్టు వాళ్లకు కూడా సరిగ్గా తెలియదు. నాకు తెలిసిందల్లా ఒకటే. అడవిలో తిరిగే పందులకన్నా ప్రమాదాల కేసు కాగితాల్లో తిరిగే పందులే ఎక్కువ. జీపు బోల్తా కొడితే పంది అడ్డం వచ్చింది. ట్రాక్టరు కాలువలో పడితే పంది అడ్డం వచ్చింది. పట్టపగలు, ఊరు దాటకముందే ఆటో వెళ్లి గోడకు గుద్దుకుంటే అక్కడా పందే వచ్చింది. నేను వకాలత్ చేసినన్నాళ్లూ చదివిన వాంగ్మూలాల్లో ఒక్క పందికి కూడా దెబ్బ తగల్లేదు. దెబ్బలన్నీ మనుషులకే తగిలాయి.

నిరుడు నల్లకోటు విప్పి కొయ్యకు తగిలించాను. అప్పటినుంచి కొత్తగా కోటు వేసుకున్న పిల్లలు ఇంటికొచ్చి, "మీరు మరిచిపోలేని కేసు ఏది మేడం?" అని అడుగుతుంటారు. హత్య కేసు చెబుతాననో, భూమి తగాదా చెబుతాననో ఆశగా కూర్చుంటారు. నేను పంది కేసు చెబుతాను. వాళ్ల మొహాలు వాడిపోతాయి. వాడిపోనీ. బండి ప్రమాదాల కేసంటే చిన్నచూపు చూసే వకీలు ఏ కేసుకూ పనికిరాడని నా గట్టి అభిప్రాయం. అందుకే మీకూ అదే చెబుతున్నాను.

ముందు ఆ పంది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. సిరొంచ నుంచి జిల్లా ఊరు గడ్చిరోలికి వెళ్లడమంటే ఒక రోజు పని. దారంతా అడవి, సగం గుంతలు. బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అటువంటి చోట బండి ఉన్న మనిషే అందరికీ దిక్కు. కాన్పు నొప్పులు వస్తే అతన్నే పిలుస్తారు, పాము కరిస్తే అతన్నే పిలుస్తారు, పరీక్షకు ఆలస్యమైన పిల్లవాడు అతని బండికే పరుగెత్తుతాడు. అటువంటివాడు ఒకనాడు ఏమరుపాటున బండిని చెట్టుకు గుద్దితే అతని మీద పోలీసులకు చెప్పడానికి ఎవరికి మనసొప్పుతుంది? దానికి తోడు, నష్టపరిహారమంటే డ్రైవర్ ఇల్లు అమ్మి కట్టాల్సిందే అని మావాళ్ల నమ్మకం. అందుకే బండిలో ఉన్నవాళ్లంతా నడుములు పట్టుకుని మూలుగుతూనే ఒక్క మాట మీద నిలబడతారు. పంది వచ్చింది, పాపం ఆయన తప్పేం లేదు, అని. అది మోసమని వాళ్లెవరూ అనుకోరు. అది మర్యాద.

నేను పుట్టింది కూడా ఆ మర్యాదలోనే. మా నాన్న ఇంకొకరి చేలో కూలి. మా వాడలో నల్లకోటు వేసుకున్న మొదటి ఆడదాన్ని నేను. నాకు నోరెక్కువ అనేవాళ్లు. ఉన్నమాటే. ఆ నోటితోనే పిల్లల్ని చదివించాను, ఇల్లు కట్టాను, ఎదుటి వకీళ్లను నీళ్లు తాగించాను. కాబట్టి దాని గురించి నాకు పశ్చాత్తాపమేమీ లేదు.

ఆ అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని, చంకల్లో కర్రలతో నా ఆఫీసు గడప దాటిన రోజు నాకు బాగా గుర్తు. పోలీసు భరతీకి, అంటే కానిస్టేబుల్ ఉద్యోగాల ఎంపికకు, తయారవుతున్న పిల్ల. మా జిల్లాలో తెల్లవారుజామున రోడ్డు మీదికి వెళితే మీకు తెలుస్తుంది, గుంపులు గుంపులుగా పిల్లలు పరుగు తీస్తుంటారు. ఆ గుంపులో ముందు ఉండేది ఈ అమ్మాయి. పరుగు పరీక్షకు గట్టిగా తయారవుదామని గడ్చిరోలి గ్రౌండుకు బయల్దేరింది. ఈ మధ్య మా దిక్కుకు కూడా ఫోన్‌లో సీటు పట్టుకునే బండ్లు వచ్చాయి కదా, అటువంటి యాప్‌లోనే సీటు బుక్ చేసింది. వచ్చిన డ్రైవరు మా ఊరివాడే, బండి కూడా అతనిదే. "యాప్‌ల క్యాన్సిల్ చెయ్యి చెల్లె, నాకు చేతికే ఇయ్యి, కమీషన్ మిగుల్తది" అన్నాడు. ఈ అమ్మాయి సరే అని క్యాన్సిల్ చేసింది. మీరైనా అదే చేసేవాళ్లు, నేనైనా అదే చేసేదాన్ని.

అల్లపల్లి ఇంకా రాకముందే, టేకు చెట్ల మధ్య మలుపులో బండి వెళ్లి ఒక చెట్టుకు గుద్దుకుంది. వెనుక సీట్ల వాళ్లకు గీరుకున్న దెబ్బలు. ముందు సీట్లో కూర్చున్న ఈ అమ్మాయికి తొడ ఎముక విరిగింది, మోకాలు నలిగింది. ఒక ఆపరేషన్ జరిగింది కానీ కాలు సరిగ్గా అతుక్కోలేదు. నాగ్‌పూర్‌లో ఇంకో ఆపరేషన్ చేయించకపోతే జన్మంతా కర్రల మీదే అని డాక్టరు చెప్పాడు. ఆ ఆపరేషన్ చేయించే తాహతు ఆ ఇంటికి లేదు. వాళ్లు నా దగ్గరకు వచ్చింది అందుకు.

వాంగ్మూలం నకలు చదివాను. చదవకముందే అందులో ఏముంటుందో నాకు తెలుసు.

"పంది ఎంత పెద్దగ ఉండె?" అని అడిగాను.

అమ్మాయి తల వంచుకుంది. తల్లి మాత్రం రెండు చేతులూ బారచాపింది. "గింత ఉండె మేడం. నల్లగ."

"నువ్వు చూసినవా అమ్మా?"

"నేనెక్కడ చూస్త మేడం? నేను ఇంట్ల ఉంటి."

నాకు నవ్వు ఆగలేదు. ఆ అమ్మాయి కూడా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. అప్పుడు అసలు సంగతి చెప్పింది. డ్రైవర్ ఫోను ముందు అద్దం కింద పెట్టి ఉంది. మలుపు దగ్గర ఇంకో బుకింగ్ వచ్చి టింగుమంది. అతను వంగి దాన్ని నొక్కబోయాడు. ఈ అమ్మాయి "అన్నా, ముందట చూడు" అని అరిచింది. అంతవరకే గుర్తుంది.

"మరి పోలీసులకు పంది అని ఎందుకు చెప్పినవ్?"

"నేను చెప్పకముందే అడిగిండు మేడం జమాదారు. ఏమొచ్చింది అడ్డం, పందేనా అన్నడు. ఔ సార్ అన్న."

మా గుమాస్తా అక్కడే కూర్చుని పాన్ నములుతున్నాడు. నాకన్నా ముందు నుంచీ కోర్టు నేల తొక్కినవాడు. వందల కాగితాలు రాసిన చేయి. అతనికి పంది మీద ప్రత్యేకమైన అభిమానం.

"పంది ఉంటే ఉండనియ్యిండ్రి మేడం. దానితోని మనకేం తకలీఫ్? ఎవ్వల మీద రాదు, ఎవ్వలు బద్నాం గారు" అన్నాడు.

"పందికి ఇన్సూరెన్స్ ఉన్నదా?" అన్నాను.

అతను నమలడం ఆపేశాడు.

ఇక్కడ కాస్త చట్టం చెప్పక తప్పదు, ఓపిక పట్టండి. ఆ అమ్మాయి ముందు మూడు దారులు ఉన్నాయి. యాప్ ద్వారా వెళ్లే ప్రయాణికులకు ఆ యాప్ వాళ్లు ఇచ్చే బీమా మొదటిది. బుకింగ్ క్యాన్సిల్ చేయడంతో ఆ దారి మూసుకుపోయింది. మేం రాస్తే వాళ్లు మర్యాదగా, మీరు మా ప్రయాణికురాలే కాదు అని జవాబిచ్చారు. రెండోది, ఎవరి తప్పూ నిరూపించకుండా అడగగలిగే, చట్టం ముందే ఖరారు చేసిన మొత్తం. పంది వచ్చినా, పిడుగు పడినా అది వస్తుంది. త్వరగా వస్తుంది. కానీ అది జరిగిపోయిన వైద్యానికే చాలదు, నాగ్‌పూర్ ఆపరేషన్ దాకా రాదు. మూడోది అసలైన దావా. విరిగిన కాలికి, పడిన బాధకు, ముందు ముందు అయ్యే వైద్యానికి, పోయిన ఉద్యోగ అవకాశానికి, అన్నిటికీ కలిపి అడగొచ్చు. ఆ దావా గెలవాలంటే ఒక్కటి రుజువు కావాలి. డ్రైవర్ తప్పు చేశాడని. తప్పు అతనిదని తేలితేనే అతని బండికి ఇన్సూరెన్స్ ఇచ్చిన కంపెనీ కడుతుంది. పంది వచ్చిందంటే ఎవరూ కట్టరు.

బండికి పసుపు ప్లేటు, పర్మిట్, లైసెన్స్, ఇన్సూరెన్స్ అన్నీ సరిగ్గా ఉన్నాయి. మా దిక్కు అది వింతే. నాకు చేతులు దురద పెట్టాయి. అన్నీ ఇంత బాగున్న కేసు వకీలుకు ఎప్పుడో గాని దొరకదు, మధ్యలో ఈ పంది ఒక్కటే.

కానీ ఆ అమ్మాయి ఒప్పుకోలేదు.

"ఆయన మీద చెప్పుడు నాతోని గాదు మేడం. నేను దవాఖానల ఉన్నన్ని దినాలు మా అమ్మకు, నాకు ఆయననే అన్నం తెచ్చిండు. వాళ్ల అక్క గడ్చిరోల్లనే ఉంటది, ఆమెతోని వండిపిచ్చి తెచ్చిండు. గట్లాంటి మనిషిని నేను కోర్టుల నిలబెట్టాల్నా?"

నాకు కోపం వచ్చింది. నాకు కోపం వస్తే దాచుకోవడం రాదు.

"అన్నం పెట్టినందుకు దండం పెట్టు. కాలు ఇరగ్గొట్టినందుకు దావ ఎయ్యి. రెండు చెయ్యొచ్చు. అన్నం తిన్నోళ్లు దావ ఎయ్యద్దని ఏ చట్టంల లేదు" అన్నాను. "ఏడాదికేడాది ఆయన కంపెనీకి పైసలు కట్టేది గిసుంటి దినం కోసమే. ఆయన జేబుల నుంచి ఒక్క రూపాయి గుంజాలె అని నాకు లేదు. పోలీసు కేసుల ఆయనకు జుర్మానా పడితే పడొచ్చు, అది నీ దగ్గర దాచ. ఇగ నీ ఇష్టం. నీ కాలు, నీ నోరు."

వాళ్లు వెళ్లిపోయారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది ఆ పిల్ల పరిస్థితి. మా గుమాస్తా, "ఇగ రారు మేడం" అన్నాడు. వస్తారన్నాను. కొన్నాళ్లకు ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. కర్రలు గోడకు ఆనించి, కుర్చీలో కూర్చుని, "ఎయ్యిండ్రి మేడం" అంది.

దావాలో జరిగింది జరిగినట్టే రాయించాను. అఫిడవిట్ మీద ఆ అమ్మాయి సంతకం చేసింది. కానీ కాగితం మీద సంతకం చేయడం వేరు, ఆ మనిషి ఎదురుగా ఉండగా నోటితో చెప్పడం వేరు. అది నాకు తెలుసు, కంపెనీ వకీలుకూ తెలుసు.

ఆయన గురించి రెండు మాటలు చెప్పాలి. గడ్చిరోలివాడు, మరాఠీ మనిషి. నేనూ ఆయనా ఇంచుమించు ఒకేసారి ప్రాక్టీసు మొదలుపెట్టాం. కోర్టులో కత్తులు దూసుకునేవాళ్లం, బయట నా మిరపకాయ పచ్చడి ఆయన డబ్బాలోకి, ఆయన జొన్నరొట్టె నా డబ్బాలోకి మారేవి. గొంతు పెంచడం ఆయనకు తెలియదు. సాక్షిని నవ్వుతూ, మెల్లగా, ఒక్కొక్క అడుగే నడిపించుకుంటూ తీసుకెళ్లి బావిలో దించేవాడు. నీళ్లు నడుము దాకా వచ్చేదాకా సాక్షికి తెలిసేది కాదు. నేను చాలా కేసులు ఆయన చేతిలో ఓడిపోయాను. గెలిచినవి ఇంకా ఎక్కువ, అది వేరే సంగతి.

ఆ అమ్మాయిని సాక్ష్యానికి పిలిచిన రోజు సిరొంచలో బస్సు రాలేదు. ఎందుకు రాలేదని మా ఊళ్లో ఎవరూ అడగరు. ఆ వాయిదా తప్పితే మళ్లీ ఎప్పటికో. మా గుమాస్తా తెలిసినవాళ్లందరికీ ఫోన్ చేశాడు. ఒక బండి పెళ్లికి వెళ్లింది, ఒకటి రిపేరుకు వెళ్లింది. చివరికి తల గోక్కుంటూ వచ్చి, "ఒక బండి ఉన్నది గని మేడం..." అని నసిగాడు. నాకు అర్థమైంది. ఎవరి మీద దావా వేశామో అతని బండి.

అతనికి కూడా కోర్టు నోటీసు ఉంది, ఎలాగూ రావాల్సినవాడే. అలా తెల్లవారుతుండగా, ప్రతివాది బండి నడుపుతుండగా, వాది వెనుక సీట్లో కాలు చాపుకుని, వాది తల్లి పక్కన కూర్చుని, వాది వకీలు ముందు సీట్లో కూర్చుని అందరం కలిసి న్యాయం కోసం బయల్దేరాం. ఇటువంటిది మీ పుస్తకాల్లో ఎక్కడా ఉండదు.

నేను మొహమాటం లేకుండా అతనితో అన్నాను. "ఇయ్యాల ఈ పిల్ల నువ్వు ఫోన్ చూసినవని చెప్తది. నీకు ముందే చెప్తున్న."

అతను రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. "పంది ఉండె మేడం."

"ఎట్లుండె?"

"పెద్దగ ఉండె. తోక గిట్ల మీదికి లేపి ఉరికింది."

చెప్పగా చెప్పగా అతనికి పంది నిజంగానే కనబడడం మొదలైందని నాకు అప్పుడు తెలిసింది. మనిషి చెడ్డవాడు కాదు. ఊరంతా కలిసి అతనికి ఒక పందిని ఇచ్చింది, అతను దాన్ని పెంచుకున్నాడు. ఆ మలుపు వచ్చినప్పుడు బండి బాగా నెమ్మది చేశాడు. అల్లపల్లి దాటాక నాకు కునుకు పట్టింది.

కోర్టు ముందు మేం బండి దిగుతుంటే ఎదురుగా టీ కొట్టు దగ్గర కంపెనీ వకీలు గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. బండిని చూశాడు. నంబరు చూశాడు. నన్ను చూసి ఎంతో ప్రేమగా నవ్వాడు. ఆ నవ్వు నాకు కొత్త కాదు. ఆ రోజు మాత్రం నాకు భయం వేసింది. ఇన్నేళ్లలో ఆ మాట నేను ఒప్పుకోవడం ఇదే మొదటిసారి.

సాక్ష్యం మరాఠీలో జరిగింది. మా పిల్లల బడి మరాఠీలోనే కాబట్టి ఆ అమ్మాయికి దుబాసీ అవసరం రాలేదు. నేను మాత్రం ఆమె మాటను మా మాటలోనే చెబుతున్నాను, నా చెవిలో అలాగే మిగిలింది.

ఆయన మెల్లగా మొదలుపెట్టాడు. దవాఖానలో భోజనం ఎవరు తెచ్చారని అడిగాడు. ఆయననే తెచ్చిండు సార్ అంది. డ్రైవర్ మీద పగ ఉందా అని అడిగాడు. లేదంది. పోలీసులకిచ్చిన వాంగ్మూలం చదివి వినిపించాడు. ఆ సంతకం తనదేనంది.

"అందులో అడవిపంది అడ్డం వచ్చిందని ఉంది. ఇప్పుడు ఫోను అంటున్నావు. అప్పుడు అబద్ధం చెప్పావా, ఇప్పుడు చెబుతున్నావా?"

హాల్లో వెనుక బెంచీ మీద డ్రైవర్ కూర్చుని ఉన్నాడు. అమ్మాయి ఒకసారి అటు చూసింది.

"అప్పుడు చెప్పింది అబద్ధం సార్" అంది. "అప్పుడు ఆయనను చూస్తే పాపం అనిపించింది. ఇప్పుడు నా కాలును చూస్తే అనిపిస్తంది."

జడ్జిగారు రాసుకోవడం ఆపి తలెత్తారు. మామూలు వకీలైతే అక్కడ కూర్చుండిపోయేవాడు. ఆయన మామూలువాడు కాదు. ఆ ప్రశ్న కోసమే పొద్దున టీ కొట్టు దగ్గర నవ్వాడు.

"మంచిది. ఈ రోజు కోర్టుకు ఎలా వచ్చావమ్మా?"

"బండిల వచ్చిన."

"ఎవరి బండి?"

"ఆయనదే సార్."

హాల్లో గుసగుసలు లేచాయి. ఆయన జడ్జిగారి వైపు తిరిగి చేతులు చాపాడు. "కాలు విరగ్గొట్టాడని దావా వేసిన మనిషి బండిలోనే ఈమె అంత దూరం, అదే దారిలో వచ్చింది. నిజంగా నిర్లక్ష్యంగా నడిపేవాడైతే ఎవరైనా మళ్లీ అతని బండి ఎక్కుతారా? ఇద్దరూ కూడబలుక్కుని కంపెనీ మీద పడ్డారు."

గట్టి దెబ్బ అది. నేను లేచి అభ్యంతరం చెప్పబోయాను. ఆ అమ్మాయి నావైపు చేయి చూపి ఆపింది. నన్ను కోర్టులో చేయి చూపి ఆపిన సాక్షి ఆ అమ్మాయి ఒక్కతే.

"ఇంకో బండి లేకుండె సార్. బస్సు రాలే. మా సిరొంచోళ్లకు మంచి డ్రైవర్ ఎవ్వలు, చెడ్డ డ్రైవర్ ఎవ్వలు అని ఏరుకునే రాత లేదు. ఏది దొరికితే అది ఎక్కాలె. ఆ దినం కూడ గట్లనే ఎక్కిన. గని ఇయ్యాల ఊకెనే ఎక్కలే. బండి ఎక్కకముందే ఆయన ఫోన్ అడిగి తీసుకున్న. మా అమ్మ సంచిల ఉన్నది."

జడ్జిగారు తల్లి వైపు చూశారు. ఆమెకు ఏం జరుగుతోందో సగమే అర్థమైంది. భయపడుతూ లేచి, సంచిలోంచి మందుల చీటీలు, నీళ్ల సీసా, టవల్ ఒక్కొక్కటే తీసి, అట్టడుగు నుంచి ఒక ఫోను తీసి పైకి ఎత్తి చూపించింది. స్విచాఫ్ చేసి ఉంది.

ముందు సీట్లో కూర్చున్న నాకే ఆ సంగతి తెలియదు. నేను బండెక్కేలోపే ఆ పని అయిపోయింది. "ఎవరు చెప్పారమ్మా అలా చేయమని?" అని జడ్జిగారు అడిగితే, "ఎవ్వలు చెప్తరు సార్? భయమైంది, తీసుకున్న" అంది. అంతే. నేను వంద ప్రశ్నలు వేసి రాబట్టలేని రుజువు అది. కంపెనీ వకీలు కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు.

ఆ తర్వాత డ్రైవర్‌ను జడ్జిగారే బోనులోకి పిలిచారు. కంపెనీ వకీలుకు ఇంకా కొంచెం ఆశ మిగిలి ఉంది. "పంది వచ్చిందా, రాలేదా?" అని సూటిగా అడిగాడు. అతను బోను కర్ర పట్టుకున్నాడు.

"లేకుండె సాబ్. ఫోన్ దిక్కు చూసిన."

"మరి ఇన్నాళ్లూ వచ్చిందన్నావు కదా?"

"అందరు వచ్చిందన్నరు సాబ్. వచ్చిందేమో అనుకున్న."

జడ్జిగారు నవ్వు ఆపుకోవడానికి మంచినీళ్లు తాగారు. నాకు వాదనలో పెద్దగా చెప్పాల్సింది మిగల్లేదు. పందిని చూసినవాడు బ్రేకు తొక్కుతాడు కదా, మరి పోలీసుల పంచనామాలో రోడ్డు మీద టైరు గీత ఒక్కటి కూడా ఎందుకు లేదు, అని ఒకే ఒక్క మాట అడిగి కూర్చున్నాను. తక్కువ మాట్లాడి గెలిచిన కేసు నాకు అదొక్కటే.

బయటికొచ్చాక కంపెనీ వకీలు నా పక్కన నడుస్తూ, "నా పందిని చంపేశారు మేడం" అన్నాడు. ఆ రోజు పచ్చడంతా ఆయనకే ఇచ్చేశాను. తిరుగు ప్రయాణంలో డ్రైవర్ పాట కూడా పెట్టలేదు. సిరొంచలో దిగేటప్పుడు అమ్మాయి తల్లి ఫోను అతని చేతికిచ్చి, "బిడ్డా, తిన్నవా?" అని అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె తమ ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టింది. మర్యాద మర్యాదే, దావా దావానే. నేను మొదటిరోజు కోపంతో అన్న మాటను వాళ్లు నాకన్నా బాగా అర్థం చేసుకున్నారు.

తీర్పు మా వైపే వచ్చింది. తప్పు డ్రైవర్‌ది, కట్టాల్సింది కంపెనీ అని తేలింది. అతనికి పోలీసు కేసులో జుర్మానా పడింది, యాప్ వాళ్లు అతన్ని తీసేశారు. ఇప్పటికీ మా ఊళ్లో బండి నడుపుతూనే ఉన్నాడు, ఆ ఇంటితో రాకపోకలు తెగలేదు. అమ్మాయికి నాగ్‌పూర్‌లో ఆపరేషన్ అయింది. కర్రలు పోయాయి. కొంచెం ఒరిగి నడుస్తుంది కానీ తన కాళ్ల మీద తానే నడుస్తుంది.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే ఇది గెలిచిన వకీలు గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది. గొప్పలు చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. కానీ ఈ కేసు అనగానే నాకు ముందు గుర్తొచ్చేది సాక్ష్యం రోజు కాదు, తీర్పు చెప్పిన రోజు.

ఆపరేషన్ ఇంకా కాలేదప్పటికి. తీర్పు విని ముగ్గురం కోర్టు మెట్ల మీదికి వచ్చాం. ఎండ బాగా ఉంది. అమ్మాయి మెట్టు మీద కూర్చుని కాలు చాపుకుంది. తల్లి మొహం వెలిగిపోతోంది. నా రెండు చేతులూ పట్టుకుంది.

"మేడం, ఇగ ఆపరేషన్ అయితది గదా. మల్ల ఉరుకుతది గదా నా బిడ్డ? వచ్చే భరతీల నిలబడతది గదా?"

డాక్టర్ల కాగితాలన్నీ నేను చదివి ఉన్నాను. కోర్టులో వాదించింది కూడా అదే. ఈ పిల్లకు ఆ ఉద్యోగం ఎప్పటికీ రాదు, దానికి నష్టం కట్టండి అనే. ఆ వాదన మరాఠీలో జరిగింది, ఆ తల్లికి అర్థం కాలేదు. ఆ క్షణంలో "ఎందుకు ఉరకదమ్మా" అనడం ఎంత తేలిక! నా నాలుక చివరి దాకా వచ్చింది. పంది కూడా ఇలాగే వస్తుందని అప్పుడు అనిపించింది.

"ఉరకదమ్మా" అన్నాను. "నడుస్తది. మంచిగ నడుస్తది. ఉరుకుడు మాత్రం కాదు."

ఆమె చేతులు నా చేతుల్లోనే ఆగిపోయాయి. కూతురి వైపు తిరిగింది. "నువ్వు ఉరుకుత అన్నవ్ గదనే. దినాం చెప్పినవ్ గదనే."

ఆ అమ్మాయి ఎండలోకి చూస్తూ మెల్లగా అంది. "నాకు మొదటిసంది ఎరికే అమ్మా. నువ్వు ఏడుస్తవని చెప్పిన."

తల్లి అదే మెట్టు మీద కూలబడి, కూతురి కాలి మీద తల పెట్టుకుని, ప్రమాదం జరిగినప్పటినుంచి మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. నేను వాళ్ల పక్కనే కూర్చున్నాను.